రెండో కుర్చీలో హకీమ్ సాబ్: ఒక అసిస్టెంట్ కోచ్ కథ

తిరుపతి నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను.

'మైదాన్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. 2024లో వచ్చింది, అజయ్ దేవ్‌గణ్ హీరో. హైదరాబాద్‌లో స్కూలు మాస్టారుగా పనిచేసి, ఇండియా ఫుట్‌బాల్ కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కథ అది. ఈరోజు నేను చెప్పబోయేది ఆయన కొడుకు గురించి. పేరు సయ్యద్ షాహిద్ హకీమ్.

"తిరుపతోడివి, నీకు ఫుట్‌బాల్ ఎందుకబ్బా?" అంటారేమో. మా చిత్తూరు సైడు ఏ కాలేజీ గ్రౌండ్‌కి పోయినా క్రికెట్టే, ఒప్పుకుంటాను. కానీ ఒక విషయం చూడండి. 1956 నవంబర్ 1న హైదరాబాద్, మనం కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాం. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా 4-2తో ఆస్ట్రేలియాను ఓడించి సెమీఫైనల్‌కి చేరింది. కోచ్ రహీమ్ సాబ్. అంటే ఆ గెలుపులో మన కొత్త రాష్ట్రానికీ వాటా ఉన్నట్టే కదా!

ఇప్పుడు హకీమ్ సాబ్ దగ్గరికి వద్దాం. ఆయన మిడ్‌ఫీల్డర్. 1960లో సంతోష్ ట్రోఫీ గెలిచిన సర్వీసెస్ టీమ్‌లో ఉన్నారు. అదే ఏడాది రోమ్ ఒలింపిక్స్‌కి ఇండియా టీమ్‌లో ఎంపికయ్యారు. కోచ్ నాన్నే. కెప్టెన్ పి.కె. బెనర్జీ. ఇండియా అక్కడ మూడు మ్యాచ్‌లు ఆడింది. హంగరీతో, పెరూతో ఓడింది. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసింది. ఆ ఒక్క గోల్ కొట్టింది పి.కె. హకీమ్ సాబ్ మాత్రం మూడింట్లో ఒక్కటి కూడా ఆడలేదు.

ఇప్పట్లా ఐదుగురు సబ్‌స్టిట్యూట్లను దించే కాలం కాదది. వరల్డ్ కప్‌లోనే సబ్‌స్టిట్యూట్లు వచ్చింది 1970లో.

తర్వాత 1962, జకార్తా ఏషియన్ గేమ్స్. క్యాన్సర్‌తో ఉన్న రహీమ్ సాబ్ టీమ్‌ను ఫైనల్‌కి తీసుకెళ్లారు. సౌత్ కొరియాపై 2-1, గోల్డ్ మెడల్. ఆ టీమ్‌లో హకీమ్ సాబ్‌కి చోటు దొరకలేదు. 1963 జూన్ 11న నాన్న పోయారు. అప్పటికి కొడుక్కి పాతికేళ్లు కూడా లేవు.

ఒక్క నిమిషం ఆలోచించండి. నాన్న దేశానికే కోచ్. ఆయన చివరి, అతి పెద్ద గెలుపులో కొడుకు లేడు. మనమైతే ఆ ఆటనే వదిలేసేవాళ్లమేమో. ఆయన వదల్లేదు. ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు. ఫిఫా బ్యాడ్జ్ ఉన్న రిఫరీ కూడా అయ్యారు. 1988లో ఖతార్‌లో జరిగిన ఏషియన్ కప్‌లో విజిల్ ఊదారు. ఆటగాడిగా ఒలింపిక్స్ గ్రౌండ్‌లో అడుగుపెట్టని మనిషి, రిఫరీగా ఆసియా మొత్తం చూసే గ్రౌండ్‌లోకి వెళ్లారన్నమాట.

ఇక అసలు పాయింట్. 1982, ఢిల్లీ ఏషియన్ గేమ్స్. ఇండియా చీఫ్ కోచ్ పి.కె. బెనర్జీ. అసిస్టెంట్ కోచ్ హకీమ్ సాబ్. అదే పి.కె., రోమ్‌లో కెప్టెన్! ఇరవై రెండేళ్ల తర్వాత మళ్లీ ఆయన ముందు, ఈయన పక్కన. ఆ టోర్నీలో ఇండియా చైనాతో 2-2 డ్రా చేసి క్వార్టర్‌ఫైనల్‌కి వెళ్లింది. అక్కడ సౌదీ అరేబియా చేతిలో 0-1తో ఓడిపోయింది.

అసలు అసిస్టెంట్ కోచ్ పనేంటి? చీఫ్ కోచ్ ప్లాన్ చెప్తాడు. దాన్ని రోజూ గ్రౌండ్‌లో పదిసార్లు చేయించేది అసిస్టెంట్. దెబ్బ తగిలినవాణ్ని కనిపెట్టుకునేది ఆయనే. చోటు దక్కని కుర్రాడి పక్కన కూర్చుని మాట్లాడేదీ ఆయనే. రోమ్‌లో ఆ కుర్రాడి స్థానంలో కూర్చున్న మనిషికి ఈ చివరి పని ఎవరైనా నేర్పాలా చెప్పండి?

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటివి చూశాను. డెమో ఇచ్చేది ఒకరు. రాత్రంతా బగ్స్ సరిచేసేది ఇంకొకరు. మెయిల్‌లో పేరు మాత్రం మొదటాయనదే. చరిత్ర కూడా ఆ మెయిల్‌ లాంటిదే.

హకీమ్ సాబ్ మొత్తం కెరీర్ రెండో కుర్చీలోనే గడిచిపోలేదు. కౌలాలంపూర్ మెర్డెకా టోర్నీలో ఇండియా టీమ్‌కి కోచ్‌గా ఉన్నారు. ఆయన కోచింగ్‌లో మహీంద్రా టీమ్ 1998లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. గోవాలో సాల్గావ్‌కర్ టీమ్‌నీ చూసుకున్నారు. 2017లో మన దేశంలో అండర్-17 వరల్డ్ కప్ జరిగింది కదా, దానికి ముందు కుర్రాళ్లను వెతికే ప్రాజెక్టు ఆయన చేతుల్లోనే నడిచింది. అదే ఏడాది ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. 2021 ఆగస్టు 22న, 82 ఏళ్ల వయసులో గుల్బర్గాలో కన్నుమూశారు.

నాన్న మీద సినిమా వచ్చింది, మంచిదే. కానీ నాకు అనిపించేది ఏంటంటే, ఒక ఆట ఊళ్లో బతికేది గోల్డ్ మెడల్ కోచ్ వల్ల మాత్రమే కాదు. చోటు దొరక్కపోయినా ఆ ఆట పక్కనే అరవై ఏళ్లు నిలబడినవాళ్ల వల్ల కూడా.

మీ కాలేజీలో పీడీ సార్ వెనకాల బాల్స్ సంచి మోసుకుంటూ, పొద్దున్నే ఆరింటికి గ్రౌండ్‌కి వచ్చిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆయన పేరు గుర్తుందా? గుర్తుంటే ఈరోజే ఒక ఫోన్ చేయండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.