పుదీనా తేనీరు: మూడు దినుసుల పుట్టుపూర్వోత్తరములు

పచ్చ తేయాకు, పుదీనా, పంచదార అను మూడింటిని కలిపి చేసిన పానీయమును మొరాకో దేశీయులు "అతాయ్" అందురు. ఇంటికి వచ్చిన అతిథికి అది ఇయ్యకుండుట వారికి మర్యాద కాదు. బేరము కుదిరినను, పెండ్లిమాటలు జరిగినను ముందుగా అదియే వచ్చును. అయితే ఈ మూడింటిలో ఆ నేలపై చిరకాలముగా పెరుగుచున్నది పుదీనా ఒక్కటే. తేయాకు చైనానుండి వచ్చినది. పంచదార సంగతి కొంచెము చిత్రమైనది. దానిని తరువాత విన్నవించెదను. తాతముత్తాతల నాటి నుండి పరభాషా ప్రాంతములందు కాపురమున్న మనవారికి ఈ చరిత్ర రుచించునని తలచుచున్నాను.

మొరాకోలో వాడు తేయాకునకు అంగడిపేరు గన్‌పౌడరు, అనగా తుపాకిమందు. సరకుల పట్టీలో ఈ పేరు చూచిన ఏ గుమాస్తాకైనను గుండె ఝల్లుమనక మానదు. ఆకును చిన్న చిన్న గుండ్లుగా చుట్టుటచేత ఆ పేరు వచ్చినదందురు. చైనీయులు మాత్రము దానిని ముత్యపు తేయాకు అనిరి; వారి రసికతయే మెరుగు. ఆ దేశపు తూర్పుతీరమున జెజియాంగ్ రాష్ట్రమందలి పింగ్‌షుయి అను ఊరు దీనికి పేరుపొందిన సంత. కోసిన ఆకును వెంటనే వేడి మూకుడులో వేయించినచో అది నల్లబడుట ఆగును. పిదప చుట్టి ఆరబెట్టుదురు. గట్టిగా చుట్టిన ఆకునకు గాలి తక్కువగా తగులును గనుక, నెలల తరబడి సాగు ఓడ ప్రయాణమునకు అది ఓర్చుకొనెను.

పచ్చ తేయాకు, నల్ల తేయాకు వేర్వేరు చెట్లవని ఐరోపావారు చాలకాలము నమ్మిరి. లిన్నేయసు వంటి మహాపండితుడే 1762లో రెండింటికి రెండు పేర్లు పెట్టెను. రాబర్టు ఫార్చ్యూను అను వృక్షాన్వేషకుడు 1840ల దశకమున చైనా లోపలికి పోయి, చెట్టు ఒక్కటే, ఆకును తయారుచేయు పద్ధతియే వేరని చూచి వచ్చెను. పరదేశములకు పంపు ఆకు మరింత పచ్చగా కనబడుటకై నీలిరంగును, జిప్సమును కలుపుటను కూడ అతడు చూచి 1852 నాటి తన గ్రంథమున వ్రాసెను. కల్తీ నేటి విద్య కాదు.

18వ శతాబ్దపు ఆరంభమున తేయాకు మొరాకో సుల్తానుల ఆస్థానమునకు ఐరోపా కానుకగా చేరెనని చెప్పుదురు. అప్పటికది రాజభోగము. సామాన్యుని ఇంటికి దానిని చేర్చినవి యుద్ధములు. నల్లమందు యుద్ధము ముగిసి 1842లో నాంకింగు సంధి జరుగగా చైనా రేవులు ఐదు విదేశీ వర్తకమునకు తెరువబడెను. పిదప 1853 నుండి 1856 వరకు జరిగిన క్రిమియా యుద్ధమువలన బాల్టిక్ రేవులకు పోవలసిన సరకు నిలిచిపోగా, ఆంగ్ల వర్తకులు దానిని టాంజియరు, మొగడారు రేవులకు మళ్ళించిరని చరిత్రకారులు వ్రాయుదురు. 1856లోనే బ్రిటనునకును మొరాకోకును వర్తక సంధి కుదిరెను.

ఆ కాలముననే ఆంగ్లేయులు చైనాపై ఆధారపడకుండుటకై అస్సాములో తేయాకు తోటలను పెంచసాగిరి. ఆ తోటలకు గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి మన తెలుగు కూలీలు తరలిపోయిరి. వారి సంతతివారు నేటికిని అస్సాములో కలరు. తేయాకు చరిత్రలో దొరల పేర్లు కనబడినంతగా వీరి పేర్లు కనబడవు.

పదము సంగతి కూడ ఒకటి చెప్పవలెను. చైనాలోని ఫూజియన్ తీరపు పలుకుబడిలో ఈ ఆకు "తె". ఐరోపా ఓడలపై పోయినచోట్లకు ఎక్కువగా ఆ మాటయే పోయెను. పారశీకముమీదుగా మెట్టదారిన పోయినచోట్లకు "చా" పోయెను. అరబ్బులలో అధికులు "షాయ్" అనుచుండగా మొరాకోవారు "అతాయ్" అనుట, ఆకు వారికి ఓడపై వచ్చినదని చాటుచున్నది. మన తేయాకు ఓడదారి మాట, మన చాయ్ మెట్టదారి మాట. మద్రాసులోని మన ఇరుగుపొరుగులు తేనీర్ అందురు. షోలాపురములో చహా, బరంపురములో చా. ఏ ఊరిలో కాపురమున్న తెలుగువాడు ఆ ఊరి మాటతోనే కప్పు అందుకొనుచున్నాడు.

ఇక పుదీనా. మన మాట పారశీకమునుండి వచ్చినది. మొరాకోవారు "నానా" అందురు. మెక్నెస్ పట్టణ పరిసరములలో పండునది మేలురకమని ప్రసిద్ధి. పిప్పరమెంటు దీనికి జ్ఞాతియే కాని వేరు. పిప్పరమెంటులోని మెంథాల్ చలిని తెలుపు నరములను కదలించుటచే వేడినీరు కూడ నాలుకకు చల్లగా తోచును. నానాలో ఆ చల్లదనము స్వల్పము, కమ్మని వాసన అధికము. చలికాలమున పుదీనా కొరవడినప్పుడు "షీబా" అను చేదుమొక్క రెమ్మను వేసికొందురు.

పంచదార చరిత్రయే అన్నిటికంటె విచిత్రము. చెరకురసమును గడ్డకట్టించు విద్య భరతఖండమున పుట్టినది. సంస్కృత శర్కర పారశీకముమీదుగా అరబ్బులకు సుక్కర్ అయి పశ్చిమ సముద్రతీరమును చేరెను. 16వ శతాబ్దమున సాదీ వంశపు సుల్తానులు మొరాకోలో బానిసల చాకిరితో చెరకుతోటలు, గానుగలు నడపిరి. 1578లో గద్దెనెక్కిన అహ్మద్ అల్ మన్సూర్ మరాకెషులో కట్టిన బదీ భవనమునకు ఇటలీనుండి పాలరాయి తెప్పించి, రాతి ఎత్తుకు ఎత్తు పంచదార తూచి ఇచ్చెనందురు. తరువాతి శతాబ్దమున ఆ పరిశ్రమ నశించెను. తేయాకు వాడుక ప్రబలిన కాలమునకు, ఒకప్పుడు ఐరోపాకు పంచదార అమ్మిన దేశమే మార్సేయి రేవునుండి పంచదార కొనవలసివచ్చెను. 1929లో కాసాబ్లాంకాలో శుద్ధికర్మాగారము వెలసెను. శంఖాకారపు పంచదార దిమ్మను పెండ్లికి, పరామర్శకు తీసికొనిపోవు ఆచారము అక్కడ నేటికిని ఉన్నది.

అట్లని ఈ తేనీరు మొరాకోది కాదనవచ్చునా? మిరపకాయను పోర్చుగీసువారు అమెరికానుండి తెచ్చిరి; గుంటూరు మిరప మనది కాదని ఎవరైన అనగలరా? హోసూరులోనో, పర్లాకిమిడిలోనో మూడుతరములు పుట్టి పెరిగిన పిల్లవానిని "మీ అసలు ఊరేది?" అని అడుగువారు నేటికిని కలరు. వానికి ఆ ఊరే అసలు ఊరని నా అభిప్రాయము. మొదటి నీటిని పోసి ఆకు వగరును కడుగుట, పుదీనా కట్టను కూర్చుట, సన్నని ధార ఎత్తునుండి పోసి నురుగు కట్టించుట, ఇవన్నియు ఆ దేశపు చేతులు నేర్చినవే.

చైనా పచ్చ తేయాకును అత్యధికముగా కొను దేశము నేటికిని మొరాకోయే. ఇక అంగళ్ళలో "మొరాకో పుదీనా టీ" అని అమ్ము పొట్లముల సంగతి వేరు. వానిలో కొన్నిటియందు పుదీనా ఈజిప్టుదో, అమెరికాదో అయియుండును. నానాకు బదులు పిప్పరమెంటు ఉండుటయు కలదు. కొనువారు పొట్లము వెనుకనున్న సన్నని అక్షరములను కండ్లద్దములు పెట్టుకొని చదువవలెను.