బసివి, పని, ఇష్టం, మచ్చ: కొన్ని మాటలకు వ్యాఖ్యానం

గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే రైలు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం దాటి కర్ణాటకలోకి దిగుతుంది. ధర్మవరంలో ఇంకో దారి విడిపోయి కదిరి మీదుగా పాకాలకు పోతుంది. దేశంలోనే వాన అతి తక్కువ పడే ప్రాంతాల్లో ఈ అనంతపురం వైపు ఒకటి. శనక్కాయ పంట పోయిన ఏడు, మరమగ్గం పోటీకి చేతిమగ్గం ఆగిపోయిన ఏడు, ఈ స్టేషన్లలో మూటలతో కనబడే జనం ఎక్కువ. అలా వెళ్లినవాళ్లలో ఒంటరి ఆడవాళ్లను గురించి ఊళ్లో కొన్ని మాటలు నడుస్తాయి. పోలీసు కాగితాల్లో వేరే మాటలుంటాయి. స్త్రీవాదుల చర్చల్లో మరికొన్ని. ఈ మూడు చోట్ల నుంచి కొన్ని మాటలు తీసుకుని, ఒక్కొక్కటి ఎవరికి ఏం చేస్తోందో చూడాలని ఈ ప్రయత్నం. ఈ మాటల భారమంతా ఒక్కవైపే, స్త్రీవైపే పడుతోందని నా అభియోగం.

బసివి

మగబిడ్డ లేని ఇంట్లో ఒక ఆడపిల్లను దేవుడి పేరున విడిచి, పెళ్లి చేయకుండా పుట్టింట్లోనే ఉంచుకునే ఆచారం ఇది. అనంతపురం, బళ్లారి, కర్నూలు వైపు బసివి అంటారు. తెలంగాణలో జోగిని, చిత్తూరు వైపు మాతమ్మ. పేర్లతోపాటు తంతులూ మారతాయి. పిల్లను అడగకపోవడం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

1882 దాకా అనంతపురం విడి జిల్లా కాదు, బళ్లారి జిల్లాలో భాగం. ఆ శతాబ్దం చివర్లో మద్రాసు పోలీసుశాఖలో పనిచేసిన ఫ్రెడ్ ఫాసెట్ బళ్లారి బసివుల మీద ఒక వ్యాసం రాశాడు. దేవుడికి అంకితమై మగవాళ్ల హక్కులు పొందే స్త్రీలు అని వాళ్లను పరిచయం చేశాడు. 1909లో థర్‌స్టన్ తన కులాల గ్రంథంలో ఆ వివరాలను మళ్లీ ఎక్కించాడు. వాళ్లు చెప్పినదాని ప్రకారం బసివికి కొడుకుతో సమానంగా తండ్రి ఆస్తి వస్తుంది, తండ్రికి కర్మకాండ చేసే అధికారం ఉంటుంది, ఆమె పిల్లలు ఆమె పుట్టింటివాళ్లే అవుతారు.

ఇది చదివి కొందరు పరిశోధకులు సంబరపడ్డారు. మగవారసత్వం రాజ్యమేలే సమాజంలో ఒక ఆడది కొడుకు స్థానంలో కూర్చుంది కదా అన్నారు. కర్ణాటకలో ఎల్లమ్మకు అంకితమైన దళిత స్త్రీల మధ్య పనిచేసిన లుసిండా రాంబర్గ్ 2014లో వచ్చిన తన పుస్తకంలో, దేవతతో జరిగిన ఆ పెళ్లిని సంస్కర్తలు పెళ్లిగా, చుట్టరికంగా గుర్తించలేకపోయారని వాదించింది. ఆ వాదనలో బలముంది. ఈ స్త్రీలను ఊరికే బాధితులుగా చూడడం వాళ్లను రెండోసారి తక్కువ చేయడమే.

అయినా నాకు ఆ సంబరం రుచించదు. బసివులను విడిచినవాళ్లు ఎక్కువగా బోయ, మాల, మాదిగ కుటుంబాలు. ఆ ఇళ్లలో పంచుకోవడానికి ఆస్తి ఎంత? సెంటు భూమి లేని తండ్రికి కొడుకులాంటి వారసురాలైతే ఆమె చేతికి వచ్చేది అప్పు, ముసలి తల్లిదండ్రుల పోషణ. ఆమె గడప తొక్కే హక్కు మాత్రం ఊళ్లో భూములున్న మగవాళ్లకు దక్కింది. దళిత స్త్రీవాదులు ఇన్నేళ్లుగా చెబుతున్నది ఇదే: ఏ కులం ఆడపిల్లను దేవుడికి ఇస్తారు, ఏ కులం మగవాడు దేవుడి తరఫున వస్తాడు అన్న ప్రశ్న వేయకుండా ఈ ఆచారం అర్థం కాదు. కొడుకుగా బతకాలంటే భార్య కాకూడదన్న షరతు కూడా మరవకూడదు. అదే ఇంట్లో కొడుకు పుట్టి ఉంటే ఆస్తీ వచ్చేది, పెళ్లీ అయ్యేది.

చట్టాల కథ ఇంకో తీరు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం చేసింది. దాని వెనక ముత్తులక్ష్మీ రెడ్డి 1920ల చివరి నుంచీ చేసిన పోరాటముంది. ఆ చట్టం పేరుపెట్టి చెప్పిన కులాలు బోగం, కళావంతులు, సాని వంటివి, మేళాలు కట్టి ఆడే పాడే కులాలు. ఆటా పాటా ఏమీ లేని పల్లెటూరి బసివి చట్టం చేసినవాళ్ల కళ్లకు పెద్దగా ఆనలేదు. బసివి, జోగిని, మాతమ్మ అన్న పేర్లు చట్టంలోకి ఎక్కడానికి 1988 ఆంధ్రప్రదేశ్ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

అంతకు కొంచెం ముందే ఇంకో మార్పు జరిగింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు నుంచి అది అమలు. దేశం మొత్తానికి అలాంటి హక్కు 2005లో గాని రాలేదు. అంటే బసివి కాకుండానే కూతురు వారసురాలు కావచ్చు. బసివి ఆచారానికి ఇంటివాళ్లు చెప్పుకునే కారణాన్ని మొదలంటా తీసేసింది నా లెక్కలో ఈ సవరణే. 1988 చట్టం గురించి సభల్లో మాట్లాడతారు, దీన్ని ఎవరూ తలవరు. భూమి లేని ఇళ్లకు ఈ సవరణ కూడా ఏమీ ఇవ్వలేదు, అందుకే అంకితాలు చాలాచోట్ల చాటుగా సాగాయి.

పని

లైంగిక వృత్తిని 'సెక్స్ వర్క్' అని పిలవడం 1970ల చివర అమెరికాలో కెరోల్ లీ అనే స్త్రీ మొదలుపెట్టింది. ఆమె స్వయంగా ఆ వృత్తిలో ఉన్న మనిషి. మన దేశంలో 1995లో కలకత్తా సోనాగాచిలో పుట్టిన దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ, సాంగ్లీలోని వ్యాంప్ సంఘం ఆ మాటను తమదిగా చేసుకున్నాయి. మాది పని, మేం శ్రామికులం, మాకు శ్రామికుల హక్కులు కావాలి అన్నారు. దీనికి అటువైపు నిలబడిన బలమైన తెలుగునేల గొంతు సునీతా కృష్ణన్. 1996లో హైదరాబాదులోని వేశ్యావాటిక మెహబూబ్ కీ మెహందీ నుంచి ఆడవాళ్లను ఖాళీ చేయించాక ఆమె ప్రజ్వల సంస్థను మొదలుపెట్టింది. ఒళ్లు అమ్ముకోవడం పనే కాదు, హింస అని ఆమె పక్షం.

ఈ తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 ఆగస్టులో కోర్టు లింగ వివక్ష మాటలను మానాలంటూ ఒక చేతిపుస్తకం విడుదల చేసి, 'ప్రాస్టిట్యూట్' అన్న పాత పదం బదులు 'సెక్స్ వర్కర్' వాడమంది. అక్రమ రవాణాను ఎదిరించే సంఘాలు అభ్యంతరం చెప్పాయి. నవంబరుకల్లా కోర్టు తన మాట మార్చి, రవాణాకు గురైన స్త్రీ, వ్యాపార లైంగిక చర్యలో ఉన్న స్త్రీ, బలవంతాన ఆ దోపిడీలోకి వచ్చిన స్త్రీ అన్న మాటలు వాడమని చెప్పింది.

హిందూపురం గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని, మేస్త్రి కింద ఇటుకల పని, ఇళ్లలో పాచిపని, ఇవన్నీ చేసి చూసి, వాటిలో బతుకు వెళ్లక రాత్రి ఇంకో పని చేసే ఆడవాళ్లున్నారని ఈ ప్రాంతంలో పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు. వాళ్లకు అది పగటి పనికి కొనసాగింపు. కాబట్టి హక్కుల దగ్గర నేను 'పని' అన్న మాట పక్షం. డబ్బు ఎగ్గొడితే, కొడితే, రోగమొస్తే ఆమె నిలబడి అడగడానికి ఆ మాట కావాలి. కానీ ఆ మాటతో చర్చ ముగిసిందనుకునేవాళ్లతో నేను లేను. మిగతా పనులన్నింటికీ కూలి తక్కువగా ఉండడం వల్లనే ఈ పని దొరుకుతోంది. ఆ కూలి పెంచమని అడగడమూ స్త్రీవాదమే.

ఇష్టం

పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల విషయంలో ఈ మాటకు చోటే లేదు. అక్కడ స్త్రీవాదుల్లో తగవు లేదు, చట్టంలోనూ లేదు. కదిరి వైపు కరువు మండలాల నుంచి ఢిల్లీ, ముంబై, పుణె వ్యభిచార గృహాలకు ఆడవాళ్లను పని పేరుతో తరలించిన ఉదంతాలు పత్రికలకు, కోర్టులకు కొత్త కావు. తీసుకెళ్లేది చాలాసార్లు తెలిసిన మనిషే. అప్పు తీరుస్తానని, ఇళ్లల్లో పని చూపిస్తానని తీసుకెళతారు. అది నేరం, అంతే.

చిక్కు పెద్దవాళ్ల దగ్గర. ఆకలితో ఒప్పుకున్నది ఒప్పుకోలు అవుతుందా అని ఒకరు. ఆకలితో బొగ్గు గనిలోకి దిగినవాడిని అలా అడుగుతారా అని మరొకరు. దేశాలు కూడా ఇలాగే చీలాయి. 1999లో స్వీడన్ కొనేవాడిని మాత్రమే శిక్షించే చట్టం తెచ్చింది. 2003లో న్యూజీలాండ్ ఆ వృత్తిని నేరాల పట్టికలోంచే తీసేసింది. నేను గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. ఇష్టపడే చేస్తున్నావా అని ఆడదాన్ని అడిగేది పోలీసు రైడులో. పెళ్లిచూపుల్లో అడగరు, బసివిని చేసేటప్పుడు అడగలేదు, చదువు మాన్పించేటప్పుడు అడగలేదు. పది చోట్ల అడగని ప్రశ్న పదకొండో చోట పోలీసు అడిగితే ఆమె ఏ జవాబు చెప్పినా అది సంకెళ్ల జవాబే. ఇష్టంతో వచ్చినా బలవంతాన వచ్చినా ఆమెకు పోకూడని హక్కులు ముందు తేల్చాలి. ఆ తర్వాత ఆమె ఇష్టం గురించి మాట్లాడుకుందాం.

రైడు

'వ్యభిచార గృహంపై దాడి' అన్న శీర్షిక, చున్నీలతో మొహాలు కప్పుకున్న ఆడవాళ్ల ఫోటో తెలుగు పత్రికల జిల్లా పేజీలకు అలవాటైపోయాయి. ఆ చున్నీ ఉన్నా ఊళ్లో గుర్తుపట్టనివాళ్లుండరు. చట్టం చెప్పేది వేరు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ప్రకారం వయసొచ్చిన స్త్రీ తనంతట తాను ఈ వృత్తి చేయడం నేరం కాదు. గృహం నడపడం, ఆమె సంపాదన మీద బతకడం, బహిరంగంగా పిలవడం నేరాలు. ఆమె సంపాదన మీద బతకడం అన్న నేరం కింద ఆమె చదివించుకుంటున్న పద్దెనిమిదేళ్ల కొడుకు కూడా రావచ్చు.

బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో 2022 మే 19న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వు గురించి చాలామంది సగమే విన్నారు. ఇష్టపూర్వకంగా చేసే స్త్రీ జోలికి పోలీసులు పోకూడదని కోర్టు ఆదేశించినట్టు వార్తలొచ్చాయి. కానీ అది కోర్టు వేసిన కమిటీ చేసిన సిఫారసు, కేంద్రం అభ్యంతరం చెప్పినవాటిలో ఉంది. అభ్యంతరం లేనివాటినే వెంటనే అమలు చేయమని కోర్టు అంది. వృత్తిలో ఉన్న స్త్రీ మీద అత్యాచారం జరిగితే మిగతా బాధితులకు లాగే వైద్యం, సాయం అందాలి. కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూపకూడదు. రైడుల్లో పట్టుబడినవాళ్ల ఫోటోలు, పేర్లు బయట పెట్టకుండా ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలివ్వాలి. ఇష్టం లేకుండా హోముల్లో ఉంచిన పెద్దవాళ్లను లెక్కించి విడుదల చేసే చర్యలు తీసుకోవాలి. ఇవీ వెంటనే అమలు కావాల్సినవి. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ధ్రువీకరణతో, వృత్తి సంగతి బయటపడకుండా, ఆధార్ కార్డులివ్వాలని కూడా కోర్టు చెప్పింది.

హోము

రక్షించి తెచ్చినామె వెళ్లే చోటు. మేజిస్ట్రేటు ఆమెను ఏడాది నుంచి మూడేళ్ల దాకా అక్కడ ఉంచవచ్చని చట్టం అంటుంది. నేరం చేయని మనిషిని మూడేళ్లు తలుపేసి ఉంచేదాన్ని రక్షణ అనడానికి నాకు నోరు రాదు.

విటుడు

ఈ మాటకు వ్యాఖ్యానం చిన్నది, ఎందుకంటే చట్టంలో అతనికి ఉన్న చోటే చిన్నది. కొన్నవాడు నేరస్థుడా కాదా అన్నదాని మీద హైకోర్టులే తలో తీర్పు ఇచ్చాయి. ఊళ్లో అతనికి పేరే లేదు. ఆమెకు అరడజను పేర్లున్నాయి.

లైంగికత

ఆడదాని కోరికను మాటల్లో పెడితే ఏమవుతుందో తెలుగువాళ్లు ఒక పుస్తకంతో చూపించారు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించి వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించింది. ఇద్దరూ దేవదాసీ కుటుంబాల విదుషీమణులు. అంతకుముందే వీరేశలింగం ఆ కావ్యాన్ని నిందించి ఉన్నాడు. ప్రభుత్వం 1911లో నిషేధించింది. నిషేధం తొలగింది 1947లో, టంగుటూరి ప్రకాశం చొరవతో. అంతకన్నా పచ్చి శృంగారం రాసిన మగకవులు పాఠ్యపుస్తకాల్లో గౌరవంగా ఉన్నారు.

మచ్చ

సామాజిక కళంకం మీద ఎర్వింగ్ గోఫ్‌మన్ 1963లో పుస్తకం రాశాడు. గెయిల్ ఫెటర్సన్ 1980లలో దాన్ని ఆడవాళ్ల వైపు తిప్పి, వేశ్య అన్న మచ్చ వేశ్యల కోసం మాత్రమే తయారైంది కాదు, ఆడవాళ్లందర్నీ అదుపులో పెట్టే పనిముట్టు అంది. ఇది మన దగ్గర రుజువు చేయడానికి పరిశోధన అక్కర్లేదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చే అమ్మాయికి, మొగుడు వదిలేసినామెకు, గ్రామసభలో గొంతెత్తినామెకు విసిరేది అదే మాట. 'మంచి' ఆడవాళ్లు ఆ మాటకు భయపడి తలొంచుకుంటారు. 'చెడ్డ' ఆడవాళ్లకు ఇల్లు అద్దెకు దొరకదు. ఎయిడ్స్ భయం నిండిన 2000ల తొలినాళ్లలో ఈ మచ్చ మీద ఇంకో మచ్చ చేరింది. రోగం మోసుకొచ్చిన మగవాళ్ల భార్యలను కూడా ఊళ్లు వెలివేశాయి. స్త్రీవాదుల్లో పని అన్నవాళ్లు, హింస అన్నవాళ్లు కలిసి నిలబడగలిగిన చోటు ఇదొక్కటే. ఈ చోటును వదిలి మిగతా వాటి మీద కొట్లాడుకోవడంలో చాలా ఏళ్లు పోయాయని నా బాధ.

మచ్చ పిల్లల దాకా పోయేది దరఖాస్తుల్లో తండ్రి పేరు గడి దగ్గర. పెళ్లికాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలు కావడానికి తండ్రి పేరు బయట పెట్టనక్కర్లేదని 2015 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టుకు తల్లి పేరొక్కటి చాలు.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం బడుల్లో పిల్లల్ని చేర్చుకునే పంతుళ్లకు ఒక మనవి: ఆ గడి ఖాళీగా వచ్చిన దరఖాస్తును వెనక్కి పంపకండి, పదిమందిలో ఆ తల్లిని కారణం అడగకండి. జిల్లా పేజీలు దిద్దే విలేకరులకు: ఆ చున్నీ ఫోటో వేయకండి, సుప్రీంకోర్టు వద్దన్నది మీకు తెలుసు. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకు: అద్దె సమయానికి కడుతోందా లేదా అన్నది చూడండి, అంతకు మించి ఆరా తీసే హక్కు మీకు లేదు.