ఉర్దూలో న్యాయశాస్త్రం చెప్పిన ఆచార్యుడు

న్యాయశాస్త్రమంటే ఇంగ్లీషు, ఇంగ్లీషంటే కాన్వెంటు అని మన ఇండ్లలో ఒక లెక్క స్థిరపడిపోయింది. పదో తరగతి ఉర్దూ మీడియం పిల్లవాణ్ణి చూసి "వీడు వకీలు ఎట్లయితాడులే" అనే మాట కొత్తపల్లెలోనూ వింటాము, నంద్యాలలోనూ వింటాము. వకీలు, మునసబు, వకాల్తా, జామీను, దస్తావేజు - ఈ మాటలన్నీ ఏ భాష మీదుగా మన కోర్టులకు వచ్చినవో అనేవారికి తోచదు! అందుకే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారి సంగతి మన సంఘ కుటుంబాలకు చెప్పాలనిపించింది.

ఆయన 1908లో హైదరాబాదులో, మద్రాసు నుండి వచ్చిన నవాయతు పండిత వంశంలో పుట్టినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917లో ఫర్మానా వెలువడింది. బోధన అంతా ఉర్దూలోనే. దానికి కావలసిన పుస్తకాలను తర్జుమా చేయడానికి దారుల్ తర్జుమా అని ప్రత్యేక శాఖనే పెట్టినారు. న్యాయశాస్త్రం కూడా అట్లే నడిచింది. (అదే రాజ్యంలో అత్యధికుల భాష తెలుగైనా, తెలుగు పిల్లలకు ఆ భాగ్యం దక్కలేదు. అది కూడా చెప్పుకోవలసిందే.) హమీదుల్లా అక్కడే ఎం.ఏ., ఎల్ఎల్.బి. చదివి, 1930ల నడిమికల్లా జర్మనీలోని బాన్ లో ఒకటి, పారిస్ సోర్బాన్ లో ఒకటి, రెండు డాక్టరేట్లు తెచ్చుకున్నారు. ఉర్దూ చదువు అడ్డమొచ్చిందా మరి?

తిరిగి వచ్చి ఉస్మానియాలోనే అంతర్జాతీయ న్యాయం బోధించినారు. ఆయన విషయం ఏమంటే, ఆ శాస్త్రానికి తండ్రి అని ఐరోపావారు చెప్పుకునే గ్రోషియస్ తన గ్రంథం వెలువరించింది 1625లో. ఇమాం ముహమ్మద్ షైబానీ 805లోనే చనిపోయినారు. యుద్ధం, సంధి, రాయబారుల రక్షణ, ఖైదీల పట్ల నడవడి, ఇవన్నీ ఆయన 'సియర్' పేరుతో అప్పుడే శాస్త్రంగా రాసిపెట్టినారు. దీన్ని హమీదుల్లా గొప్పల కోసం చెప్పలేదు, మూల గ్రంథాలు ముందర పెట్టి చూపించినారు. మన సభల్లో ఉపన్యసించేవారు ఈ పద్ధతి పట్టుకుంటే బాగుండును.

1948 వచ్చింది. ఐక్యరాజ్య సమితికి హైదరాబాదు ఫిర్యాదు తీసుకుపోయిన బృందంలో ఆయనా పారిస్ పోయినారు. సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. రజాకార్ల ఆగడాలకూ, ఆ తర్వాతి మారణకాండకూ నలిగింది సామాన్యులే. హమీదుల్లా మళ్లీ ఉస్మానియాకు రాలేదు. ఇంకే దేశపు పౌరసత్వమూ తీసుకోలేదు. పెండ్లి చేసుకోలేదు. పారిస్ లో శరణార్థి కాగితాల మీదనే దశాబ్దాలు గడిపి, 1954 నుండి 1978 దాకా ఫ్రాన్సు జాతీయ పరిశోధన సంస్థలో పనిచేసినారు. 1959లో ఖురాన్ ను ఫ్రెంచిలోకి అనువదించినారు. 2002 డిసెంబరు 17న అమెరికాలో కన్నుమూసినారు.

1980లో బహావల్‌పూర్ లో ఆయన ఉర్దూలో చేసిన 12 ఉపన్యాసాలు 'ఖుత్బాతె బహావల్‌పూర్' పేర పుస్తకమైనవి. అందులో అంతర్జాతీయ న్యాయం మీద కూడా ఒకటి వుంది. పదో తరగతి దాటిన మన ఉర్దూ పిల్లవాడు నిఘంటువు లేకుండానే చాలా వరకు చదువుకోగలడు.