సుత్తి ఇంటిపేరైన కథ

వడ్రంగి సుత్తి మేకు మీద పడుతుంది. 1982 తర్వాత తెలుగునాట అది వినేవాడి బుర్ర మీద పడటం మొదలైంది. ఆ ఏడే జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ వచ్చింది. నరేష్, పూర్ణిమల ప్రేమకథ, రాజన్-నాగేంద్ర పాటలు, అన్నీ బాగానే ఆకట్టుకున్నాయి. జనం నోట నిలిచిపోయింది మాత్రం ఒక్క మాట. మొదలెడితే ఆపని పెద్దమనిషి ఒకరు, తప్పించుకోలేని బాధితుడు ఒకరు. ఆ హింస పేరు సుత్తి. కొట్టేది వీరభద్రరావు, తినేది వేలు.

ముగ్గురూ కృష్ణ నీళ్లు తాగినవాళ్లే. జంధ్యాల పుట్టింది నరసాపురంలో అయినా చదువూ, నాటకాల పిచ్చీ బెజవాడలోనే. మామిడిపల్లి వీరభద్రరావు విజయవాడ ఆకాశవాణి గొంతు. వేలు అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు. బందరు వైపు మనిషి. గొంతే జీవనాధారమైన రేడియో కళాకారుడికి నోరు మూయని పాత్ర ఇవ్వడంలోనే ఉంది జంధ్యాల కొంటెతనం.

మాటకు కాళ్లొచ్చాక సినిమాతో పనేముంది? ‘సుత్తి కొట్టకు’ అంటే విసిగించకు. ‘సుత్తిగాడొస్తున్నాడు’ అంటే సందు మార్చు. ‘సుత్తి సినిమా’లో ఎవరూ ఎక్కువ మాట్లాడనక్కర్లేదు, ఇంటర్వెల్ ఎప్పుడా అనిపిస్తే చాలు. ‘సుత్తి జోకు’ అయితే రెండు ముక్కలే ఉంటుంది, నవ్వు రాదు. అంటే వాగుడుతో మొదలైన మాట వాగుడుని కూడా వదిలేసి, పస లేని ప్రతిదానికీ అంటుకుంది. ఇక ‘కాసేపు సుత్తేసుకుందాం రా’ అన్నప్పుడు అర్థం పూర్తిగా తిరగబడింది: అందులో బాధితుడు లేడు, ఇద్దరూ ఇష్టపడే వచ్చారు. కాలవ గట్టు మీదా, టీ కొట్టు బల్ల మీదా సాగేది ఈ రకమే. నాకు నచ్చిన అర్థం కూడా ఇదే.

జంధ్యాలకు ఆ రుచి పోలేదు. ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984)లో శ్రీలక్ష్మి టైటిల్స్ దగ్గర్నుంచీ సినిమా కథ చెబుతుంది. ‘చంటబ్బాయ్’ (1986)లో ఆమే కవయిత్రి. సుత్తి అన్న పేరు పెట్టకపోయినా పడేది అదే దెబ్బ.

వింతంతా పేర్లలో ఉంది. షావుకారు జానకి, సాక్షి రంగారావు వంటివారికి సినిమా పేరు ఇంటిపేరైంది. మన సుత్తి జంటను మాత్రం ‘నాలుగు స్తంభాలాట వేలు’, ‘నాలుగు స్తంభాలాట వీరభద్రరావు’ అని ఎవరూ అనలేదు. సినిమాలోని ఒక యాస మాట, అదీ తిట్టులాంటిది, గౌరవంగా పేరు ముందు కూర్చుంది. కొట్టినవాడికీ అదే బిరుదు, దెబ్బలు తిన్నవాడికీ అదే!

వీరభద్రరావు 1988లో, నలభై ఒక్క ఏళ్లకే పోయారు. వేలు 2012 దాకా ఉన్నారు. అంతకు ముందే, 1985లో టి. కృష్ణ ‘ప్రతిఘటన’లో మతి చెదిరిన కానిస్టేబుల్‌గా ఆయన కనిపించినప్పుడు హాల్లో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. తెర మీద పేరు మాత్రం సుత్తివేలే. అప్పటికి ఆ రెండక్షరాల్లో విసుగూ లేదు, వెటకారమూ లేదు. కొమ్మూరి, పింగళి లాగా ఒట్టి ఇంటిపేరు.