వెయ్యి బీడీల కూలి: గుడియాత్తం వైపు నుంచి

కనీస వేతనం గురించి రాసేవారు 1948 చట్టాన్ని ఢిల్లీ ఇచ్చిన వరంలా చెప్పి, కూలి పెంచితే పని పోతుందన్న వాదన తగిలిస్తారు. పాత ఉత్తర ఆర్కాటు జిల్లా చరిత్ర చూస్తే రెండూ అరకొర మాటలే.

చట్టానికి ముందే, 1947లో, బి.వి. నారాయణస్వామి నాయుడు మద్రాసు ప్రభుత్వం కోసం బీడీ, చుట్ట, నస్యం, తోళ్ల పరిశ్రమల్లో కార్మికుల స్థితిని విచారించారు. ఆ జిల్లాలోని గుడియాత్తంలో బీడీలు, ఆంబూరు, వాణియంబాడిలో తోళ్లు ఎందరికో బతుకుతెరువు. 1948 చట్టం షెడ్యూలులో రెండు పనులూ చేరాయి. 1957 కార్మిక మహాసభ కనీస వేతనానికి రోజుకు 2,700 కేలరీల తిండి, ఏడాదికి తలకు 18 గజాల గుడ్డ అని కొలత పెట్టింది.

అసలు తగవు ఆ తర్వాతిది. 1958లో మద్రాసు ప్రభుత్వం బీడీలు చుట్టే చోట్లకు చట్టం తెచ్చింది.  అయితే బీడీకి షెడ్డు ఎందుకు? ఆకు, పొగాకు, దారం, కత్తెర ఉంటే ఇంటి వసారా చాలు, పనిని ఎక్కడికైనా జరపొచ్చు. ఒక రాష్ట్రంలో ఉన్న చట్టం పొరుగు రాష్ట్రంలో లేకపోవడంతో పరిశ్రమ చట్టంలేని చోటికి జరిగిపోతోందని 1966 కేంద్ర చట్టం ఉద్దేశాల ప్రకటనే ఒప్పుకుంది. గుడియాత్తానికి చిత్తూరు జిల్లా పక్కనే. 1911 దాకా చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటులోదే. కేరళలోని కన్నూరులో 1966 చట్టం అమలు కాగానే ఓ పెద్ద కంపెనీ తప్పుకుంది. 1969లో కార్మికులు దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకుని పని నిలబెట్టుకున్నారు. ప్రతి మూసివేతకూ ఇదే కారణమనలేం, సిగరెట్టు పోటీ కూడా ఉంది. కానీ పని పోవడానికి పెరిగిన కూలి ఎంత కారణమో, పక్కన దొరికే చౌక కూలీ అంతే కారణం.

ఇంకోటి, గెజిట్లో వెయ్యికి రేటు పెరిగినా, ఆకు తక్కువ తూచి ఇచ్చి, బాగాలేవంటూ కొన్ని బీడీలు తీసేస్తే చుట్టిన ఆడమనిషి చేతికి వచ్చేదెంత? 1966 చట్టం 39వ సెక్షన్ ఈ తగాదాలను పేరుపెట్టి పట్టించుకుంది. ఆ చట్టంలో నాకు నచ్చే భాగం అదే.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ దేశమంతటికీ కనీస మట్టం పెడతానంటోంది. సరిహద్దు తగవుకు సరైన మందే. కాకపోతే 2019లో అనూప్ సత్పతి కమిటీ రోజుకు 375 రూపాయలు సిఫారసు చేస్తే, కేంద్రం 178 దగ్గరే ఆగింది. మళ్లీ అలాంటి మట్టమే పెడితే ఈ కోడ్ గుడియాత్తానికి పనికిరాదు.