జాఫర్ వజీర్‌కి కాస్త ఇన్సాఫ్



మొన్న ఈద్ సెలవులకి చోడవరం వెళ్లినప్పుడు మా అబ్బాయి అడిగాడు, "అబ్బా, మీ జమానాలో ఏ గేములు ఆడేవారు?" అని. పాతవి మూడు వెతికి లాప్‌టాప్‌లో పెట్టాను. వాడితోపాటు నేనూ కూర్చున్నాను.

ఈ ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది 2022లో. మా చిన్నప్పుడు విశాఖ జిల్లాయే. జుమా నమాజ్ అవగానే టోపీ మడిచి జేబులో పెట్టుకుని నెట్ సెంటరుకి పరుగెత్తేవాళ్లం. కరెంటు పోతే ఆట ఖతమ్, డబ్బులు మాత్రం వాపసు రావు.

మొదట రోడ్ రాష్. 1991లో సెగా మిషన్ మీద పుట్టింది. మేం ఆడింది 1996లో విండోస్‌కి వచ్చినది. బైకు మీద పోతూ పక్కవాణ్ణి తన్నడం, గొలుసుతో కొట్టడం, పోలీసుకి దొరికితే జుర్మానా కట్టడం. ఇప్పుడు చూస్తే మనుషులు అట్టముక్కల్లా ఉన్నారు. అబ్బాయి ఒకటే నవ్వు. కానీ ఎదురుగా కారొస్తే వాడూ కుర్చీలో పక్కకి ఒరిగాడు!

తర్వాత ఐజీఐ. 2000లో నార్వేవాళ్లు చేశారు. కొండలూ మంచూ ఖూబ్‌సూరత్. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. చివరి నిమిషంలో చస్తే మళ్లీ మొదటి నుంచీ. మాకు సబర్ నేర్పిందని పొగడను, అది ఐబే.

మూడోది ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1989. జోర్డన్ మెక్నర్ అనే కుర్రాడు తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, దాన్నిబట్టి బొమ్మలు గీశాడు. అందుకే ఆ షహ్జాదా నడకలో ఇప్పటికీ జాన్ ఉంది. గంటలోగా షహ్జాదీని వజీర్ జాఫర్ నుంచి కాపాడాలి.

ఇక్కడే అబ్బాయి ఆగాడు. "అబ్బా, అల్లావుద్దీన్ సినిమాలోనూ విలన్ జాఫరే కదా?"

సవాల్ సహీ. అసలు జాఫర్ ఎవరు? ఖలీఫా హారూన్ రషీద్ దర్బారులో బర్మకీ ఖాందాన్‌కి చెందిన వజీర్. 803లో ఖలీఫా హుకుమ్ మీదే ఖతల్ అయ్యాడు. అలిఫ్ లైలా కథల్లో మారువేషంలో ఖలీఫా వెంట రాత్రిళ్లు బగ్దాద్ తిరిగే దోస్త్ అతనే. 1940లో వచ్చిన 'థీఫ్ ఆఫ్ బగ్దాద్' సినిమా ఆ పేరు ఓ దుష్ట వజీర్‌కి పెట్టింది. ఆ ఛాయ 1989 గేములోకి, 1992 అల్లాదీన్‌లోకి దిగింది. ఇలా ఒక ఇజ్జత్‌దార్ పేరు పిల్లల నోట బద్నామ్ అయిపోయింది.

తర్వాతి గేముల్లో ఇది ఇంకా ముదిరింది. 2009 నాటి మోడర్న్ వార్‌ఫేర్ 2లో కరాచీ వీధుల బోర్డులన్నీ అరబీలో! అక్కడ నడిచేది ఉర్దూ అని కనుక్కునే తక్లీఫ్ ఎవరూ పడలేదు. మేం మాత్రం ఏం తక్కువ? తుపాకీ గేముల్లో మనలాంటి పేర్లవాళ్లని కాలుస్తూ స్కోరు లెక్కపెట్టుకున్నాం. ఒక్కసారీ ఖయాల్ రాలేదు.

ఇవన్నీ హరామ్ అని అబ్బాయి చేతిలోంచి లాక్కోలేదు. ఈ తారీఖ్ చెప్పాను, అంతే.

ఆ గేములో మరో సంగతుంది. కంప్యూటర్ మెమరీ అయిపోవడంతో కొత్త శత్రువుని గీసే వీల్లేక, మెక్నర్ షహ్జాదా బొమ్మనే మార్చి నీడ మనిషిని చేశాడు. అద్దంలోంచి దూకగానే పుడతాడు. చివర్లో కత్తి దూసి అడ్డొస్తాడు. అతన్ని కొడితే దెబ్బ మనకే తగులుతుంది.

అబ్బాయి వారం రోజులకి అక్కడిదాకా వచ్చాడు. నాలుగుసార్లు కొట్టి నాలుగుసార్లు చచ్చాడు. నేను నోరు విప్పలేదు. అసర్ అజాన్ అయింది. నమాజ్ చదివొచ్చి కూర్చుని, ఈసారి కత్తి దించేశాడు. నీడ కూడా దించింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి ఒక్కటైపోయారు.

"అబ్బా, వీడు దుష్మన్ కాదు!" అన్నాడు.

ఖుదా హాఫిజ్.