పొల్యూషన్ ఉందా?
ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బండి ఆపి “పొల్యూషన్ ఉందా?” అని అడిగితే, పొగ హద్దులోనే ఉందని చెప్పే కాగితం ఉందా అని అర్థం. ‘పొల్యూషన్ అండర్ కంట్రోల్’ సర్టిఫికెట్‌లో అదుపు అనే భాగం రాలిపోయి, ఏది ఉండకూడదో అదే పేరుగా మిగిలింది. ఇన్సూరెన్స్ కాగితాన్నీ ఇన్సూరెన్సే అంటాం కదా అనవచ్చు. కానీ ఆ కాగితం ఇచ్చేది నిజంగా బీమాయే. పొల్యూషన్‌కు మూలమైన లాటిన్ క్రియకు మైలపరచడం అని అర్థం. మన కాలుష్యం సంస్కృత ‘కలుషం’ నుంచి వచ్చింది: కలకబారిన నీటికీ పాపానికీ అదే మాట, కల్మషం దాని తోడిది. నీటి కలక కంటికి కనబడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ కనబడదు. పొగ లేని బండి శుభ్రమైనదన్న భ్రమ ఆ పాత అర్థానికి చెందినదే. పైగా పెట్రోలు బండికి ఈ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు గానీ నైట్రోజన్ ఆక్సైడ్లు చూడరు. మైలేజీ పెరిగితే కాలుష్యం తగ్గినట్టే అనేవారికి స్ట్రాటిఫైడ్ ఛార్జ్ ఇంజిన్ మంచి జవాబు. స్పార్క్ ప్లగ్ దగ్గర చిక్కని మిశ్రమం, మిగతా చోట పలచనిది ఉంచి అది పెట్రోలు ఆదా చేస్తుంది. 1975 నాటి హోండా సివిక్ సీవీసీసీ ఈ పద్ధతితోనే, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ లేకుండానే అమెరికా పరిమితులకు లోబడింది. అయితే తర్వాత వచ్చిన డైరెక్ట్ ఇంజెక్షన్ రకాల్లో, పలచని మిశ్రమంతో నడిచేటప్పుడు పొగలో ఆక్సిజన్ మిగిలిపోతుంది. అప్పుడు మామూలు త్రీవే కన్వర్టర్ నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టలేదు. కాగితం అడగని ఆ వాయువులను నాచారం పారిశ్రామికవాడలోని గాలి నాణ్యత కేంద్రం మాత్రం కొలుస్తూనే ఉంది.